మడ్‌గార్డులు పట్టే సైకిల్

"పెదనాన్నా, నాకో రోడ్ సైకిల్ కావాలి. మరీ ఖరీదైంది వద్దు. మడ్‌గార్డులు మాత్రం పట్టాలి. నువ్వొచ్చి చూసిపెట్టు," అని మా తమ్ముడి కూతురు ఫోన్ చేసినప్పుడు నేను నా కళ్లద్దాల దుకాణంలో ఎవరివో అద్దాలు అరగదీస్తున్నాను. చెయ్యి జారింది. అద్దం అంచు పెచ్చు లేచిపోయింది. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, అలా అద్దం పాడుచేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"సైకిళ్ల సంగతి నేనెప్పుడో మర్చిపోయానమ్మా," అన్నాను.

"గుర్తు తెచ్చుకో. ఆదివారం పదింటికి," అని పెట్టేసింది. అచ్చం వాళ్ల నాన్నే. ఎదుటివాడు ఊఁ అన్నాడో ఊహూఁ అన్నాడో వినేదాకా ఆగే రకం కాదు.

వాళ్ల నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆదివారం పొద్దున నేను కెప్టెన్‌గా ఉన్న సైకిల్ గుంపుతో వెళ్తుంటే, వానలో, అందరికన్నా వెనకున్నవాణ్ణి లారీ గుద్దింది. అంత వేగంగా తొక్కేవాడు ఎందుకు వెనకపడ్డాడని అందరూ అడిగారు. నేనొక కారణం చెప్పాను. అది అబద్ధం. ఆ తర్వాత నేను సైకిలెక్కలేదు. మేం సైకిళ్లు కొనే దుకాణం ఉన్న వీధిలోకి కూడా వెళ్లలేదు. అవతలి వీధి చుట్టి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ ఏమిటీ చుట్టుతిరుగుడని విసుక్కున్నా నోరు విప్పలేదు.

ఆదివారం వెళ్లక తప్పలేదు. పిల్లకి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. అది డ్యూటీలో ఉండాల్సిన టైముకి మొదటి బస్సు ఇంకా డిపోలోనే ఉంటుందట. "తెల్లకోటు వేసుకుని వెళ్లాలి పెదనాన్నా. వీపు మీద బురద చారతో వెళ్తే రక్తం ఇవ్వడానికొచ్చినవాళ్లు పారిపోతారు," అంది. నవ్వాను. దుకాణం గుమ్మం దాకా ఆ నవ్వుతోనే నెట్టుకొచ్చాను.

లోపల అదే గ్రీజు వాసన. పైనుంచి వేలాడుతున్న అవే చక్రాలు. మెకానిక్ నన్ను చూసి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచాడు. "కెప్టెన్! ఎన్నాళ్లకి!" అన్నాడు. పక్కనున్న పిల్లని చూశాక ఆ హుషారు కాస్త తగ్గింది. ఇద్దరికీ స్టూళ్లు జరిపాడు.

అతను ముందు చూపించింది నల్లటి సైకిల్. తళతళలాడిపోతోంది. పిల్ల దాన్ని ఒక్క చేత్తో ఎత్తి, "అబ్బ, ఈకలా ఉంది! ధర కూడా తగ్గించారట!" అంది. నేను దాని ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింద, ఇరుసు దగ్గర వేలితో తడిమాను. నున్నగా ఉంది. మడ్‌గార్డు కడ్డీ బిగించే బోల్టు కన్నం లేదు. పైన టైరుకీ ఫోర్కుకీ మధ్య నా చిటికెనవేలు కూడా దూరలేదు. ఇక మడ్‌గార్డు రేకు ఎక్కడ దూరుతుంది?

ఇలాంటిదాన్నే, ఇదే దుకాణంలో, తమ్ముడికి నేనే ఏరికోరి కొనిపించాను. తేలికగా ఉంది, ధర తగ్గించారు, ఇంకేం కావాలన్నాను. దీనికి మడ్‌గార్డులు పట్టవు సార్ అని ఈ మెకానిక్ చెబుతూనే ఉన్నాడు. "వానకి కరిగిపోవడానికి నేనేమైనా సబ్బుబిళ్లనా?" అన్నాడు తమ్ముడు. ముగ్గురం నవ్వుకున్నాం.

"ఇది వద్దు," అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా కరుకుగా వచ్చింది.

రెండోది ఎర్రది. బోల్టు కన్నాలున్నాయి, సందు ఉంది. పిల్లని ఎక్కించి, పెడలు ముందుకి పెట్టి హ్యాండిల్ తిప్పమన్నాను. దాని బూటు ముందు చక్రానికి రాసుకుంది. "మడ్‌గార్డు వేశాక ఇంకా ముందే తగులుతుంది. మలుపులో పడేస్తుంది. ఇదీ వద్దు."

"మర్చిపోయానన్నావు!" అంది పిల్ల.

మూడోది బూడిదరంగుది. చూడ్డానికి పెద్ద అందగత్తె కాదు, కాస్త బరువు కూడా. కానీ ముందూ వెనకా కన్నాలు సరిగ్గా ఉన్నాయి. వెడల్పు టైరు వేసినా పైన వేలు దూరేంత సందు మిగిలింది. హ్యాండిల్ ఎటు తిప్పినా బూటు తగల్లేదు. బ్రేకులు వానలో కూడా పట్టే రకం. నాలుగేళ్ల తర్వాత నా చేతులు ఒక సైకిల్‌ని చూసి సంతోషపడ్డాయి. అందుకు నాకే సిగ్గేసింది.

"ఇదే తీసుకో," అన్నాను.

"మంచిదే ఎంచారు," అన్నాడు మెకానిక్. పిల్ల వైపు తిరిగి, "ఆదివారాలు గుంపుతో కూడా వెళ్లాలనుకుంటే తల్లీ, వానాకాలం మడ్‌గార్డులు ఉండి తీరాలి. లేకపోతే అందరికన్నా వెనక తోకలా రావాలి. గుంపు రూలు," అన్నాడు.

"కొత్త రూలా?"

"కొత్తదేం కాదు. మీ పెదనాన్న పెట్టిందే. ముందు సైకిల్ చిమ్మే బురదంతా ఆయన కళ్లద్దాల మీదే..." అంటూనే అతను ఆగిపోయాడు. నా మొహం చూశాడు. "మడ్‌గార్డులు లోపలున్నాయి, తెస్తానుండండి," అని వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

పిల్ల ఆ నల్ల సైకిల్ దగ్గరికి వెళ్లింది. నేను తడిమినచోటే వేలుపెట్టి తడిమింది.

"నాన్న సైకిల్‌కి ఈ కన్నాలు ఉండేవా?"

"లేవు."

"ఆ రోజు వాన పడింది."

"పడింది."

అది నా వైపు తిరగలేదు. "మరి నాన్నకి రాత్రి నిద్రలేదు, నీరసంగా ఉన్నాడు, అందుకే వెనకపడ్డాడు అన్నావు కదా? పోలీసులకీ అదే చెప్పావు. నేను పక్కనే ఉన్నాను." వేలు ఇంకా ఆ ఫోర్కు మీదే ఉంచి అంది, "ముందురోజు రాత్రి నాన్నని పడుకోనివ్వంది నేనే పెదనాన్నా. సోమవారం లెక్కల పరీక్ష పెట్టుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో లెక్కా చెప్పాడు. రెండింటిదాకా. నా వల్లే పోయాడనుకున్నాను. అమ్మకి కూడా చెప్పలేదు."

స్టూలు మీద కూలబడ్డాను. ఆ అబద్ధం ఎవరికీ నష్టం చెయ్యదనుకున్నాను. నన్ను నేను కాపాడుకోవడానికి నోటికొచ్చింది అన్నాను. అది పోయిపోయి పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పడింది, నాలుగేళ్లు మోసింది. నా అంత పిరికివాడు ఇంకొకడుండడు.

"నీ వల్ల కాదు," అన్నాను. "వాడు ఆ రోజు అందరికన్నా ముందు తొక్కాడు. లేడిపిల్లలా ఉన్నాడు. వాడి చక్రం చిమ్మిన బురద నా అద్దాల మీద పడింది. రెండుసార్లు తుడుచుకున్నాను. మూడోసారి నాకు కోపమొచ్చింది. రూలంటే రూలే, వెనక్కి పో అని అరిచాను. పోయాడు. ఎనిమిదిమందిలో ఎవడో ఒకడు చివర ఉంటాడు. ఆ చోటికి వాణ్ణి పంపింది నేను."

పిల్ల ఏడవలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెకానిక్ బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా బూడిదరంగు సైకిల్‌కి మడ్‌గార్డులు బిగించడం మొదలుపెట్టాడు. పిల్ల వంగి కడ్డీలు పట్టుకుంది. ఒక్కో బోల్టూ బిగిశాక చేత్తో లాగి చూసింది. అన్నీ అయ్యాక అంది, "అమ్మకి నువ్వే చెప్పాలి. ఇవాళే."

ఇద్దరం సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాం. తుంపర పడుతోంది.

మా మరదలు ముందుగదిలో మిషను మీద ఎవరివో కర్టెన్లు కుడుతోంది. నేను గుమ్మంలోనే నిలబడి, చెప్పులైనా విప్పకుండా, మొత్తం చెప్పేశాను. ఆవిడ మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా వచ్చాక దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"మీ రూలు నాకు తెలుసు బావగారూ. అంతకుముందు వానాకాలమంతా, మా అన్నయ్య నన్ను తోకని చేశాడే అని ఆయన ఇంటికొచ్చి నవ్వేవారు. నీరసమా? ఆ పొద్దున మెట్లు రెండేసి చొప్పున దిగారు. మీరే చెబుతారని చూశాను. ఆదివారం ఆదివారం వస్తారు, కుళాయి బాగుచేస్తారు, బల్బు మారుస్తారు, వెళ్లిపోతారు." ఆవిడ కూతురి వైపు చూసింది. "దీని మనసులో ఇది ఉందని తెలిస్తే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. మీ గుమ్మంలో కూర్చుని కడిగేసేదాన్ని."

"తప్పయిపోయిందమ్మా," అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటున్నప్పుడే తెలిసింది.

"ఒకటి చెప్పండి. వెనక్కి పొమ్మన్నప్పుడు ఆయన ఏమన్నారు?"

నాలుగేళ్లుగా ఆ మాట నా దగ్గరే ఉంది. అది చెబితే మిగతాదీ చెప్పాల్సొస్తుందని ఎవరికీ చెప్పలేదు.

"నా పక్కకొచ్చి, 'సరే అన్నయ్యా, కానీ ఈసారి నా చొక్కా నువ్వే ఉతకాలి. బురద చొక్కాతో వస్తే మా ఆవిడ గుమ్మం తొక్కనివ్వనంది,' అన్నాడు."

ఆవిడ చేతిలోని గుడ్డ ఒళ్లోకి జారింది.

"నవ్వుతూ అన్నారా? విసుగ్గా అన్నారా?"

"నవ్వుతూ. పడీపడీ నవ్వాడు. సైకిల్ అటూ ఇటూ ఊగింది."

"ఆ పొద్దున నిజంగానే కోపంతో అన్నాను బావగారూ. గుమ్మం తొక్కనివ్వనని. మారుమాట్లాడకుండా దిగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ మాట మనసులో పెట్టుకుని పోయారనే అనుకుంటున్నాను, ఇన్నాళ్లూ."

పిల్ల సైకిల్‌ని గోడకి ఆనించి వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ దాని తల మీద చెయ్యి వేసింది. నన్ను లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు.

"ఏమన్నారో మళ్లీ చెప్పండి," అంది.

చెప్పాను.

"మళ్లీ," అంది.