గేటు తడుపు

ఐదో చెట్టు దిగేసరికి లాజరు పాదాలు రెండూ లోపలివైపు తోలు లేచిపోయాయి. చెట్టెక్కడానికి కాళ్ళకి తగిలించుకున్న తాడు బందం విప్పకుండానే నీళ్ళ బోదెగట్టు మీద కూలబడ్డాడు. మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. కొబ్బరితోటంటే నీడ అనుకునేవాళ్ళు తుఫానుకి ముందు చూసినవాళ్ళే అయ్యుండాలి. ఏడాదిన్నర కిందట ఆ ఒక్క రాత్రికి నారాయణమూర్తి గారి తోటలో సగానికి పైగా చెట్లు నేల పట్టాయి. కాయ దింపు కూలి చెట్టుకి రెండు రూపాయలకి పెంచారు గానీ, ఎక్కడానికి చెట్లేవీ? ఊళ్ళో దింపువాళ్ళు కొందరు ఇటుకబట్టీలకి పోయారు. లాజరుకి మిగిలింది ఈ తోటొక్కటే.

ఇవాళ దింపుతున్నది ముదురు కాయ కాదు, లేత బొండాలు. పోనీ తాగడానికా అంటే, అదీ కాదు.

టౌన్లో కాలేజీకి ఒక ఆచారం ఉంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్ళు వెళ్ళిపోయే రోజున గేటు ముందు సిమెంటు రోడ్డు మీద బొండాలు నేలకేసి కొడతారు. రోడ్డంతా నీళ్ళతో తడిశాక, ఆ తడిలోంచి నడుచుకుంటూ బయటికి పోతారు. దాని పేరు గేటు తడుపు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, ఎందుకో అసలే తెలీదు. పోయినేటి వాళ్ళకంటే ఎక్కువ కొట్టాలన్న సంగతి మాత్రం ప్రతి బ్యాచ్చికీ బాగా తెలుసు. కొట్టేదాకా ఆ కుప్పలోంచి ఎవరూ ఒక్క బొండం తాగకూడదు. తాగితే గేటుకి ఎంగిలట! మడీ ఆచారం వద్దని పరీక్షల్లో వ్యాసాలు రాసే పిల్లలు పెట్టుకున్న మడి ఇది. మర్నాడు రోడ్డు మీద పగిలిన బొండాల డొక్కలూ ఈగలూ మిగులుతాయి. అవి ఎత్తేది వాళ్ళు కాదుగా.

కీర్తి అన్నం క్యారేజీ పట్టుకుని గట్టెమ్మట గబగబా వచ్చింది. లాజరు కూతురు. బీకాం ఆఖరి సంవత్సరం. అంటే ఈ బొండాలు ఆమె బ్యాచ్చివే. దింపిన బొండాల కుప్ప పక్కన మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నవాడు వెంకటకృష్ణ, నారాయణమూర్తి గారబ్బాయి, క్లాసు లీడరు. ఇంకో నలుగురు క్లాసువాళ్ళు ట్రాలీ రిక్షాకెత్తడానికి వచ్చి, ఎత్తకుండా కబుర్లు చెప్పుకుంటున్నారు.

పొద్దున్న క్లాసులో మీటింగు జరిగింది. కీర్తి లేచి, "ఈ యేడు గేటు తడుపు వద్దండి సార్. ఆ బొండాలు గవర్నమెంటు ఆసుపత్రిలో రోగులకి పంచుదామండి" అంది. రాజేంద్రప్రసాద్ మాస్టారు ఆ కాలేజీలోనే చదివి, ఆ గేటే తడిపి, మళ్ళీ అక్కడికే లెక్చరరుగా వచ్చిన మనిషి. ఆయన నవ్వి, "కోనసీమలో కొబ్బరి బొండాలకి కరువొచ్చిందామ్మా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. కీర్తికి ఒళ్ళు మండిపోయింది. తుఫాను మర్నాడు ఈ మాస్టారే పడిపోయిన చెట్లు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అదంతా ఏమైపోయిందో!

ఇప్పుడు తోటలో చూస్తే తండ్రి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సీసాలో నీళ్ళు కాగినట్టున్నాయి. "మా నాన్నకి ఒక బొండం ఇవ్వరా?" అని వెంకటకృష్ణని అడిగింది.

వెంకటకృష్ణ నొచ్చుకున్నట్టే మొహం పెట్టాడు. "ఒక్క బొండానికి నేనెందుకు కాదంటాను కీర్తీ? గేటువి కదా. నీకూ తెలుసుగా." తరవాత లాజరు వైపు తిరిగి, "ఇంకా నాలుగు గెలలు తగ్గేయి. ఆ మూలది ఎక్కేస్తే అయిపోద్ది" అన్నాడు.

మూల చెట్టు కాలవ మీదికి ఒరిగి ఉంది. తుఫాను దాన్ని పడెయ్యలేదు, మెలిపెట్టి వదిలింది. నడుం దగ్గర చెయ్యి పట్టేంత తొర్ర.

"ఆ సెట్టు వద్దు బాబూ. గాలికి తల ఊగతా ఉందండి. మొన్న సూరయ్య పడిపోయింది ఇలాటి సెట్టు మీంచేనండి" అన్నాడు లాజరు. సూరయ్య అతని తోటి దింపువాడు. నడుం విరిగి మంచం మీదున్నాడు.

"పోయినేడు కూడా అలాగే అన్నావు. ఏమైంది?" వెంకటకృష్ణ గొంతు మారింది. "నువ్వు ఎక్కకపోతే ఆలమూరు నుంచి మనిషిని తెప్పిస్తాం. ఇంక తోట దింపు కూడా అతనికే ఇచ్చెయ్యమని నాన్నగారికి చెబుతాను."

లాజరు లేచాడు. తోట గలవాళ్ళని కాదనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. "తొందరగా దిగొచ్చేస్తాలే" అని కూతురికి చెప్పి, బందం విప్పి భుజాన వేసుకుని మూలకి నడిచాడు. వెనకాలే అందరూ వెళ్ళారు. బందం మళ్ళీ కాళ్ళకి తగిలించుకోబోతుంటే కీర్తి చటుక్కున లాక్కుంది.

"ఇయ్యమ్మా. గొడవలొద్దు. మన తిండి ఇందులోనే ఉంది."

"ఇవ్వను నాన్నా."

ఆమె వెంకటకృష్ణ ఎదురుగా వెళ్ళి నిలబడింది. "బ్యాచ్ మనది. గేటు మనది. చెట్టు మాత్రం మా నాన్నెందుకు ఎక్కాలండి? మీరెక్కండి. బందం నేను కడతాను."

"పిచ్చా నీకు? నాకు ఎక్కడం వచ్చా?"

"పోనీ మీరు?" అంటూ పక్కవాడి ముందు పెట్టింది బందాన్ని. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. మూడోవాడు చెట్టు కేసి చూసి, తొర్ర కేసి చూసి, తల దించుకున్నాడు. మిగిలిన ఇద్దరూ ఆమె తమ దాకా రాకముందే రిక్షా దగ్గరికి నడిచారు. మూడేళ్ళు ఒకే బెంచీల మీద కూర్చున్నవాళ్ళు! ఆ తాడు ముట్టుకోవడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు.

"లాజరూ, నీ కూతురికి చెప్పుకో. రేపట్నించి తోటలో అడుగు పెట్టే పని ఉండదు" అన్నాడు వెంకటకృష్ణ.

లాజరు చెయ్యి చాపాడు. కీర్తి బందాన్ని గుండెకి హత్తుకుంది. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. తండ్రి ఆమె కేసి చూశాడు, తాడు ముట్టుకోకుండా వెనక్కి తగ్గినవాళ్ళ కేసి చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కుంటుకుంటూ కుప్ప దగ్గరికి వెళ్ళి, ఒక బొండం ఎంచుకుని, మొలలో కత్తి తీశాడు. మూడు వేట్లకి మూత లేచింది. తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"తాగమ్మా. ఎండనపడొచ్చేవు."

"లాజరూ! అవి గేటు బొండాలు!" వెంకటకృష్ణ అరిచాడు.

"ఆయ్, తెలుసండి," అన్నాడు లాజరు, తనకోసం ఇంకోటి అందుకుంటూ.