మామ చేతికి తగ్గ కంప్యూటరు

అల్లుడు హేరంబ్ పుణే నుంచి తెచ్చిన సన్నటి లాప్‌టాప్ మూడో రోజుకే బల్ల మీంచి పడి పగిలింది. తోసింది మామగారు వసంతరావే. నలభై ఏళ్లు ముంబయి కోర్టు బయట మరాఠీ టైపు మిషను కొట్టిన చెయ్యి అది. వరస చివరికి రాగానే ఎడమ చెయ్యి దానంతటదే లేచి పక్కకి ఒక్క తోపు తోస్తుంది. మిషనైతే ఆ తోపుకి కొత్త వరస మొదలయ్యేది. లాప్‌టాప్ తెరకి ఆ సంగతేం తెలుసు?

"అరవై వేలు, మావయ్యగారూ!" హేరంబ్ తల పట్టుకున్నాడు. "ఈ వయసులో మీకివన్నీ ఎందుకు? హాయిగా టీవీ చూసుకోండి."

ఆ మాటకి ముసలాయన మొహం ఎంత చిన్నబోయిందో గుమ్మంలో నిలబడ్డ మేనల్లుడు దత్తారాం చూశాడు. ఆయనకి టైపు పని ఇచ్చే కార్ఖానీస్ వకీలు కబురు పంపి వారమైంది. టైపు మిషను కాగితాలు ఇక వద్దు, కంప్యూటరు మీద పది నిమిషాల్లో పేజీ తప్పుల్లేకుండా కొట్టి చూపిస్తే పని ఇంటికే పంపుతాం, లేదంటే ఇంకొకరికి. గడువు శనివారం.

"నేను తెస్తా, మామా," అన్నాడు దత్తారాం.

హేరంబ్ నవ్వాడు. "దత్తూ భావూ, ర్యామ్ అంటే ఏంటో తెలుసా నీకు?"

"తెలీదు. మామ వేళ్లు తెలుసు."

దత్తారాం ఏడో తరగతితో బడి మానేసి ఇరవై ఏళ్లు టైపు మిషన్లు బాగుచేశాడు. మిషన్లు పోయాయి, వాటితోపాటే అతని పనీ పోయింది. ఇప్పుడు మిక్సీలు విప్పుకుంటూ, చదువుకున్నవాళ్లని చూసి పళ్లు నూరుకుంటూ బతుకుతున్నాడు.

మర్నాడు కంప్యూటర్లమ్మే లామింగ్టన్ రోడ్డంతా తిరిగాడు. దుకాణంవాడు వేగం గురించి మొదలెట్టగానే చెయ్యి అడ్డం పెట్టి, ముందు కీబోర్డు ఇమ్మనేవాడు. కళ్లు మూసుకుని నొక్కి చూసేవాడు.

"ఇది చచ్చిన చేపలా ఉంది. ఇంకోటి తియ్యి."

"కాకా, కొనేది కంప్యూటరా, బెండకాయలా?"

ఆరో దుకాణంలో ఏదో ఆఫీసువాళ్లు వదిలేసిన బరువైన కంప్యూటరు కనిపించింది. దాని కీబోర్డు మందంగా ఉంది, నొక్కితే టక్కుమంటోంది.

"పాత మరాఠీ మిషను అక్షరాల వరస దీంట్లో పెట్టగలవా?"

"అదిప్పుడెవరు వాడతారు కాకా?"

"పెట్టగలవా, లేదా?"

రెండు నిమిషాల పని అది. ప్రింటరుతో కలిపి పదకొండు వేలయింది. ఇంటికొచ్చి దత్తారాం తెరని గోడకి ఎత్తుగా బిగించాడు.

"గోడకి బెజ్జాలా? ఇంటివాడు చూస్తే చంపేస్తాడు!" అంది మామి, వసంతరావు భార్య.

"చూడనీ మామీ. మామ చేతికి ఏదీ అడ్డం రాకూడదు."

శనివారం వకీలు గుమాస్తా ఒక పేజీ పట్టుకుని, గడియారం చూసుకుంటూ వచ్చాడు. తమాషా చూద్దామని హేరంబ్ కూడా వచ్చాడు. మొదటి నిమిషం వసంతరావు వేళ్లు తడబడ్డాయి. రెండో నిమిషంలో దారి దొరికింది. గదంతా టకటకలతో నిండిపోయింది. వరస చివర ఎడమ చెయ్యి లేచి ఖాళీ గాలిని తోసి తిరిగొచ్చింది. తెర మీద వరస దానంతటదే మారింది. మామి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎనిమిది నిమిషాలకి కాగితం బయటికొచ్చింది. గుమాస్తా పెన్సిలు పట్టుకుని రెండుసార్లు చదివాడు. ఎక్కడా గీత గియ్యలేదు. పెన్సిలు జేబులో పెట్టుకుని సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు.

"ఇవి ఆరున్నాయి వసంతరావుగారూ, సోమవారానికి కావాలి."

"సోమవారం దాకా ఎందుకు? సాయంత్రం వచ్చి తీసుకెళ్లు."

దత్తారాం ఛాతీ పొంగిపోయింది. హేరంబ్‌ని అనడానికి దాచుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. కానీ మామి ముందే అందుకుంది.

"అల్లుడుగారూ, ఈ వకీలు చేతిరాత ఈయన కళ్లకి ఆనదు. కాస్త పక్కన కూచుని చదివిపెట్టండి."

హేరంబ్ కాగితం అందుకుని చదవడం మొదలెట్టాడు. మూడు వరసలయ్యాయో లేదో, వసంతరావు తల తిప్పకుండానే అన్నాడు:

"కొంచెం తొందరగా, అల్లుడుగారూ. వేళ్లు ఖాళీగా ఉంటున్నాయి."