కుడిచెయ్యి ఒప్పుకున్న టాంగో

రాజగోపాల్‌కి కొత్తదంటే గిట్టదు. సంగీతంలో మాత్రమే సుమా! కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసే మనిషి, అక్కడ రోజూ కొత్తదే కావాలి. ఇంటికొస్తే మాత్రం, చిన్నప్పుడు విజయవాడలో మృదంగం నేర్పిన గురువుగారు ఏది సంగీతమన్నారో అదే సంగీతం. పిల్లల డాక్టరైన ఆయన భార్య నళిని ఈ సంగతి పెళ్లయిన వారానికే కనిపెట్టింది.

అలాంటివాడు అమెరికా వచ్చి, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో టాంగో అనే జంట డాన్స్ మరిగాడంటే స్నేహితులెవరూ నమ్మలేదు. చలికాలంలో ఒళ్లు కదులుతుందని నళినే లాక్కెళ్లింది. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి హాల్లో ఎల్వీరా అనే అర్జెంటీనా పెద్దావిడ నేర్పుతుంది. పాత టాంగో పాట వినగానే రాజగోపాల్‌కి ప్రాణం లేచొచ్చింది. దానికొక నడక ఉందన్నాడు, మర్యాద ఉందన్నాడు. నళినికీ పాతదంటే ఇష్టమే. మొగుడి భుజం మీద చెయ్యివేసి ఆ పాటలకి నడుస్తుంటే వారమంతటి అలసటా దిగిపోయేది.

చిక్కంతా ఆమె లైబ్రరీ నుంచి తెచ్చిన కొత్త టాంగో రికార్డుతో వచ్చింది. హార్మోనియానికి చుట్టంలాంటి బాండోనియన్ అందులో బుసలు కొడుతుంది. వయొలిన్ గీరుతుంది. తాళం దెబ్బ ఎక్కడ పడుతుందో అంతు చిక్కదు. నళిని వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాత టాంగో ఆమెను ఊరడించేది. ఇది ఆమెతో పోట్లాడింది. ఆ పోట్లాటకి ఒంట్లో ఎక్కడలేని సత్తువా పుట్టుకొచ్చింది. ఆ రోజే దాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించి కార్‌లో పెట్టుకుంది.

"ఇది టాంగో కాదు నళినీ, ట్రాఫిక్ జామ్," అన్నాడు రాజగోపాల్.

ఎల్వీరా కూడా పెదవి విరిచింది. "కుర్చీలో కూర్చుని వినడానికి సరే. దీనికి డాన్స్ ఎవరు చేస్తారు?" అంది. నళిని పట్టు వదల్లేదు. కనబడ్డప్పుడల్లా అడిగింది. చివరికి ఆవిడ విసుగెత్తి ఒక షరతు పెట్టింది. ఏప్రిల్‌లో తమ టాంగో క్లబ్ వార్షికోత్సవం నాడు ఒక్కసారి ఆ పాట వేస్తుంది. నళిని జంట కాక ఇంకొక్క జంటైనా లేచి ఆడితే, పాతవాటితో పాటు కొత్తవీ ప్రతి ఆదివారం ఉంటాయి. ఎవరూ లేవకపోతే ఆ క్యాసెట్ మళ్లీ ఆ హాల్లో కనబడకూడదు.

ఇంకో జంట సంగతి దేవుడెరుగు, ముందు సొంత జంటే కుదరలేదు.

"ఏమండీ, ఒక్క పాట. నా కోసం."

"నీ కోసం డ్రైవ్‌వే అంతా స్నో షవల్ చేస్తాను. డిషెస్ కడుగుతాను. తాళం లేని సంగీతానికి మాత్రం నా కాలు లేవదు."

"తాళం లేకపోవడమేంటి? ఉంది. మీకే వినబడట్లేదు."

వార్షికోత్సవానికి వెళ్తూ కార్‌లో చలికాలమంతా మోగిన క్యాసెట్ ఒక్కటే మోగింది.

హాలు కిటకిటలాడింది. పాత టాంగోలకి అందరూ హాయిగా ఆడారు, రాజగోపాల్ కూడా. ఎల్వీరా క్యాసెట్ మార్చగానే, వానొచ్చినట్టు అందరూ కుర్చీల్లోకి చేరిపోయారు. నళిని ఒక్కతే మధ్యలో మిగిలింది. బాండోనియన్ బుస కొట్టింది. ఎవరూ కదల్లేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఎల్వీరా వేలు స్టాప్ బటన్ దగ్గరికి వెళ్లింది.

నళిని మొగుడి వైపు చూసింది. ముఖం ముడుచుకునే ఉంది. కానీ కుడిచెయ్యి! తొడ మీద ఆ చెయ్యి, యజమానికి తెలియకుండా, తాళం వేసేస్తోంది. పెదవులు కూడా కదులుతున్నాయి. తకిట తకిట తక. తకిట తకిట తక.

నళిని గబగబా వెళ్లి ఆ చెయ్యి పట్టేసుకుంది.

"మీ చెయ్యి ఒప్పేసుకుంది. ఇక మీరు లేవండి."

రాజగోపాల్ తన చేతిని తానే నమ్మలేనట్టు చూసుకున్నాడు. "అరే, ఇది ఆది తాళంలోనే ఉందే! పాట కట్టినవాడు ఎనిమిదిని మూడు, మూడు, రెండుగా విరిచాడు, అంతే!" అంటూ లేచాడు. ఇక ఆయనకి పగ్గాల్లేవు. మొదట భార్య చెవిలో, తర్వాత హాలంతా వినబడేట్టు "తకిట తకిట తక" అంటూ ఆ దెబ్బల మీదే అడుగులు వేశాడు. అంతవరకూ దొరకని దెబ్బ ఆ కేకతో అందరికీ దొరికిపోయింది. ముందు ఒక వెల్డరూ భార్యా లేచారు. వెనకే ఇద్దరు నర్సులు. పాట సగానికి వచ్చేసరికి కాలు పెట్టడానికి చోటు లేదు. గెలిచానని నళినికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

పాటయ్యాక ఎల్వీరా దగ్గరికొచ్చి, "మాట మాటే. ఇక ప్రతి ఆదివారం వేస్తాను," అంది. "ఇప్పుడు మళ్లీ అదే వెయ్యనా?"

"వద్దు, పాతదొకటి వెయ్యండి," అంది నళిని. "ఇంతసేపూ పోట్లాడాను. కాసేపు ఈయన భుజం మీద తల పెట్టుకోవాలి."

మరుసటి ఆదివారం క్లాసులో కుర్చీలన్నీ ఖాళీ. మిషిగన్ వెల్డర్లూ, నర్సులూ, రిటైరైన టీచర్లూ వరుసగా నిలబడి చేతులు తడుతూ "తకిట తకిట తక" అంటున్నారు. వాళ్లలో ఎల్వీరా కూడా ఉంది. ఎదురుగా రాజగోపాల్, అచ్చం విజయవాడ గురువుగారిలా కళ్లెర్రజేసి, తప్పినవాళ్లని మళ్లీ మొదలెట్టిస్తున్నాడు.

నళిని పక్కకి చేరింది. "ఏమండీ, ట్రాఫిక్ జామ్ ఎలా ఉంది?"

"మాట్లాడకు నళినీ, తాళం తప్పుతుంది," అన్నాడు.