కొసరు బిగువు

కళ్యాణదుర్గంలో మెకానిక్ బుడేన్ సాబ్ పనికి ఒక గుర్తు ఉండేది. శెట్లు సరుకు తూచాక పైన గుప్పెడు కొసరు వేసినట్టు, ఆయన ప్రతి నట్టునూ బిగించాక ఇంకో పావు చుట్టు తిప్పేవాడు. మర్యాదకు. జనం కూడా దానికి అలవాటు పడ్డారు. రిపేరైన బండి హ్యాండిల్ పట్టుకొని గట్టిగా ఊపడం, లొటలొటలాడకపోతే "సాయిబు చెయ్యంటే చెయ్యి" అనడం. ఆ బండి దారిలో ఎలా నడుస్తుందని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

1962లో, దసరా పోయిన మూడు వారాలకు, శేషయ్యశెట్టి మోటార్ సైకిల్ ఆయన షాపుకు వచ్చింది. శెట్టికి శెనక్కాయల మండీ ఉంది. ఆయనకు వచ్చింది సైకిల్ తొక్కడం వరకే. కంబదూరు వైపు పల్లెలు తిరిగి ఎవరి పంట ఎలా ఉందో చూసి రావడానికి తిమ్మప్పను పెట్టుకున్నాడు. ఆ తిమ్మప్ప ఈ మూడు వారాల్లో రెండుసార్లు పడ్డాడు. ఒకసారి మోరీ దగ్గర, ఇంకోసారి మండీ ముందరే, పదిమంది చూస్తుండగా. భుజం ఎముక విరిగింది.

బండి అటూ ఇటూ తూలుతూ పోతే ఊరు ఏమంటుంది? సారా మరిగాడంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారట. పాపం తిమ్మప్ప చెట్టు కిందికి కూడా పోలేదు.

"సోమవారం నుంచి వేరే మనిషి వస్తాడు. ఆలోపు బండి సరిచేసి పెట్టు, సాయిబూ" అని శెట్టి చెప్పి పోయాడు.

తిమ్మప్ప మాత్రం పోలేదు. చెయ్యి మెడకు కట్టుకొని గడప దగ్గరే నిలబడ్డాడు.

"నేను తాగలేదు సాబ్. బండిలోనే ఏదో ఉండాది. నువ్వు చెప్తేనే శెట్టి ఇంటాడు. లేకుంటే నా పని పోయినట్టే."

"చూస్తాలే, నువ్వు పో" అన్నాడు బుడేన్ సాబ్. నిజం చెప్పాలంటే ఆయన కూడా సగం నమ్మలేదు.

అయినా పని పనే. ముందు చక్రం తిప్పి చూశాడు, వంకర లేదు. టైరులో గాలి సరిగ్గా ఉంది. ముందు బ్రేకు పట్టుకొని బండిని వెనకాముందుకు ఊపాడు, ఎక్కడా టక్కుమనలేదు. హ్యాండిల్ మీద బరువు వేసి నొక్కితే ఫోర్కులు రెండూ సమంగా దిగి, ఒక్కసారి లేచి నిలబడ్డాయి. నూనె కారలేదు, స్ప్రింగులు బాగున్నాయి. పడిన దెబ్బకు ఫుట్‌రెస్టు వంగింది, అంతే.

ఇక ఎక్కి నడిపాడు. వేగంగా పోతే తెలియలేదు గానీ, ఎద్దుల బండి వెనక నెమ్మదించగానే మొదలైంది. కుడికి తూలితే ఎడమకు తిప్పాడు, అది చాల్లేదు. ఇంకొంచెం బలం పెడితే మరీ ఎక్కువ తిరిగింది. మళ్ళీ కుడికి తిప్పాడు. బజారు పొడుగునా పాము పాకినట్టు పోయాడు. టీ కొట్టు లక్ష్మన్న గ్లాసు కడుగుతూ చూసి, "ఏమప్పా సాబ్, నువ్వు కూడానా?" అన్నాడు.

బుడేన్ సాబ్ నవ్వలేదు. షాపుకు వచ్చి, ఇంజను కింద పెట్టె దోపి ముందు చక్రం గాలిలోకి లేపాడు. హ్యాండిల్‌ను వేలితో కాస్త కదిపితే చాలు, తన బరువుకు తానే ఒక పక్కకు వాలిపోవాలి. ఇది వాలలేదు. ఎక్కడ పెడితే అక్కడే నిలిచింది. హ్యాండిల్ మెడలో తిరిగే బేరింగు గుండ్లను పై నట్టు పిసికేస్తోంది.

ఆ నట్టును చివరిసారి బిగించింది ఎవరు? ఆయుధపూజకు సర్వీసు చేసి, శెట్టి మండీ బండి అని కొసరు ఇంకాస్త ఎక్కువే తిప్పింది తనే. కంచే చేను మేసింది.

పానా పెట్టి నట్టును కొద్దిగా వదులు చేశాడు. హ్యాండిల్ మెత్తగా వాలింది. మళ్ళీ బజారంతా తిరిగితే, ఒంటిచేత్తో పట్టుకున్నా బండి తిన్నగా పోయింది. ఇంతటితో నోరు మూసుకోవచ్చు. ఎవడికీ తెలియదు. కానీ సోమవారం కొత్త మనిషి ఈ బండి మీద తిన్నగా పోతాడు. అప్పుడు ఊరంతా "చూసినారా, తిమ్మప్ప తాగుబోతే" అంటుంది. తన పేరు నిలిస్తే వాడి పేరు పోతుంది. ముప్పై ఏళ్ళ పేరు, వదులుకోవడం ఆయనకేం తేలిక కాలేదు.

మధ్యాహ్నం మండీకి పోయి, హమాలీల ముందరే చెప్పాడు. "తప్పు నాది, శెట్టీ. నేను ఎక్కువ బిగించినా."

శెట్టి నమ్మితే కదా! "నీ బిగువు నాకు తెలీదా? వాని మీద జాలిపడి నింద నెత్తిన ఏసుకుంటాండావు."

బుడేన్ సాబ్ జేబులోంచి పానా తీశాడు. గోడకు ఆనించిన శెట్టి సైకిల్ దగ్గరికి పోయి, హ్యాండిల్ కింది నట్టుకు అంతే కొసరు తిప్పాడు.

"ఊపి చూడు."

శెట్టి ఊపాడు. "బ్రహ్మాండంగా ఉండాది."

"ఆ గేటు దాకా తొక్కిరా."

శెట్టి ఎక్కాడు. నాలుగు గజాలకే సైకిల్ ఎడమకు లాగింది. తిప్పుకోబోతే కుడికి పోయింది. శెనక్కాయల మూటలకు గుద్దుకొని కాలు దించాడు. హమాలీలు తలపాగాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

శెట్టి సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. దాన్ని మళ్ళీ గోడకు ఆనించాడు.

"భుజం అతుక్కున్నంక పనికి రమ్మను" అన్నాడు చివరికి. "నా బండ్లు మాత్రం ఇంక అనంతపురం పంపించుకుంటా."

తిమ్మప్ప షాపు దగ్గరే కూర్చొని ఉన్నాడు. బుడేన్ సాబ్ జరిగిందంతా చెప్పాడు. వాడు దండం పెడతాడనుకున్నాడో ఏమో, కాసేపు ఆగాడు కూడా.

తిమ్మప్ప లేవలేదు. "మూడు వారాలాయ సాబ్. నా పెండ్లాం దినామూ నా నోరు వాసన చూసినంకనే సంగటి పెడతాండాది. వాసన రాకపోయినా నమ్మదు. నేను చెప్పినా నమ్మదు."

బుడేన్ సాబ్ చేతిలో పానా పక్కన పెట్టాడు. షాపు తలుపు లాగి తాళం వేశాడు.

"పద. ఆమెకూ చెప్తా" అన్నాడు.