తనిఖీ రోజు ఉద్యోగం

ఏడాదిలో రెండు రోజులు మాత్రమే నేను ఉద్యోగానికి వెళ్తాను. ఈ ఉదయం ఆరింటికే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, కార్మిక శాఖ వాళ్ళు తనిఖీకి వస్తున్నారట, ఎనిమిదికల్లా వచ్చి కూర్చోమన్నారు. పిల్లల టిఫిన్ డబ్బాలు సర్ది, అత్తగారికి ఖర్జూరాలు, కాఫీ అందించి, బయటికి వెళ్ళేటప్పుడు పైన తొడుక్కునే నల్లటి అబాయా ఇస్త్రీకి పరిచాను. "ఆఫీసు తొందర నీది, యాలకులు తక్కువైన కాఫీ నాకా?" అంది అత్త జువైనా. ఇస్త్రీ ఆపి వెళ్ళి మళ్ళీ కాచాను.

మా సొహార్ పట్టణంలో పైపులు అమ్మే కంపెనీ అది. ప్రతి కంపెనీ ఇంతమంది సొంత దేశస్థులను, అంటే ఒమానీలను, పెట్టుకుని తీరాలని ఇక్కడి ప్రభుత్వ నిబంధన. అందుకని నన్ను చేర్చుకుని, ఆఫీసుకు రాకుండా ఉంటే నెలకు నూట ఇరవై రియాళ్ళు ఇస్తామన్నారు. మా ఆయన హిలాల్ మాల్‌లో సెక్యూరిటీ గార్డు. పన్నెండు గంటలు నిలబడి వచ్చి, నాచేత కాళ్ళు పట్టించుకుంటూ అంటాడు: "ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తున్నారు. ఊళ్ళో ఎవరికుందే ఈ అదృష్టం?" కూర్చోవడం అన్న మాట వింటే ఒళ్ళు మండుతుంది. నేను కూర్చునేదెప్పుడు? ఎలాగూ ఇంట్లోనే ఉంటాను కదా అని ఆడపడుచు తన పిల్లల్ని కూడా నా మీదే వదిలి పోతుంది. ఇరుగుపొరుగుతో మాత్రం అత్త "మా షమ్సా ఆఫీసరు" అని చెప్పుకుంటుంది.

నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేశాను. టీచర్ ఉద్యోగం కోసం ఏడేళ్ళ కిందట ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో పేరు రాయించుకున్నాను. పోయిన వారం వెళ్ళి అడిగితే కౌంటర్లో అమ్మాయి, "మీకు ఉద్యోగముందిగా అక్కా! మూడేళ్ళ కిందటే జాబితాలోంచి తీసేశారు" అంది. ఇంటికొచ్చి చేప కడుగుతూ ఏడ్చాను. హిలాల్ చూసి, "చేపను చూసి కూడా ఏడుస్తారా?" అని నవ్వాడు. సంగతి చెప్పాను.

"ఇప్పుడు టీచరువై ఎవర్ని ఉద్ధరించాలి? ఇది మానేసి మళ్ళీ జాబితాలో నిలబడితే, ఈలోగా కారు వాయిదా ఎవరు కడతారు?"

అదీ అబద్ధం కాదు. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

ఈ రోజు ఆఫీసుకు వెళ్ళగానే, స్టోర్ చూసుకునే కేరళాయన కురియన్ లేచి తన కుర్చీ నాకిచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. మొదటిసారి వచ్చినప్పుడు నాకూ ఆ పని నేర్పమని అడిగాను. "మీకు నేర్పితే నన్ను పంపేస్తారు మేడమ్. పిల్లలు చదువుకుంటున్నారు" అన్నాడు తల దించుకుని. మళ్ళీ అడగలేకపోయాను. మేనేజర్ వచ్చి, "ఏం చెప్పాలో గుర్తుందిగా? స్టోర్ రికార్డులు చూస్తానని చెప్పండి, చాలు" అన్నాడు. ఎదుట కంప్యూటర్లో ఏముందో కూడా నాకు అర్థం కాలేదు.

తనిఖీకి వచ్చింది పాతికేళ్ళ అమ్మాయి. ఎప్పుడూ పెద్దాయన ఒకరు వచ్చి తలలు లెక్కపెట్టుకుని పోయేవాడు. ఈమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. మేనేజర్ నా వెనకే ఉన్నాడు. ఈ జీతం పోతే హిలాల్ ఏమంటాడో, అత్త ఏమంటుందో పొల్లుపోకుండా నాకు తెలుసు.

"ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి పని చేస్తున్నారు?" అని అడిగింది.

"మూడేళ్ళ నుంచి నా పేరు చేస్తోందమ్మా" అన్నాను. "నేనింకా చేరలేదు."