మంచు ఫ్లాస్కు

మూడో చెంబు చన్నీళ్ళు నడుం మీద గుమ్మరించుకుని బట్టీబావ పళ్ళు టకటకలాడించాడు. తెల్లవారుజామున చలికి ఒళ్ళు కొంకర్లు పోతోంది. అయినా నాలుగో చెంబు ముంచాడు. మూడు నెలలుగా ఇదే తంతు.

రొట్టెల కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు బట్టీ ముందు నిలబడ్డ మనిషి, ఆ పేరూ అక్కడ పడిందే. కనుబొమ్మలు ఎప్పుడో మాడిపోయాయి. రొట్టె కాలిందో లేదో వాసన చూసి చెప్పేవాడు. పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లలు లేరు. కిందటి ఎండాకాలం పరీక్ష చేయిస్తే వీర్యకణాలు మరీ తక్కువగా ఉన్నాయని తేలింది.

"ఎండలు ముదిరితే కొందరికి మామూలుగానే తగ్గుతాయి. దానికి తోడు నీది బట్టీ పని. వేడే నీ శత్రువయ్యా! చలికాలమంతా దానికి దూరంగా ఉండి మళ్ళీ రా," అన్నాడు డాక్టరు.

అంతే, ఆ మాట పట్టుకున్నాడు. బట్టీ వదిలి పిండి బస్తాలు మోయడానికి దిగాడు. బిగుతు బట్టలు మానేశాడు. "ఏం బావా, గుడ్లు చల్లబడ్డాయా?" అని తోటివాళ్ళు పగలబడి నవ్వితే తనూ నవ్వేశాడు. నవ్వక చస్తాడా? ఈసారీ ఇలాగే వస్తే చెల్లెల్ని తీసుకెళ్ళి వేరే సంబంధం చేస్తానని బావమరిది తెగేసి చెప్పాడు. ఆ పరీక్ష ఇవాళే.

ల్యాబువాళ్ళు ఇచ్చిన కాగితం అతనికి కంఠతా వచ్చేసింది. ఇంట్లోనే వీర్యం సీసాలో పట్టి, గంటలోపు తెచ్చివ్వాలి. సీసాని ఒంటికి ఆనించుకుని గోరువెచ్చగా తేవాలన్న ముక్క మాత్రం వెనకవైపు ఉంది. వెనక్కి తిప్పి చూడాలని పాపం అతనికి తోచలేదు. వేడి తగలకూడదు, అంతే కదా! ఫ్లాస్కు నిండా మంచుముక్కలు పోసి మధ్యలో సీసా దూర్చాడు.

"జాగ్రత్తండీ," అంది భార్య గుమ్మంలో నిలబడి.

"వేడి తగలనిస్తానా!" అన్నాడు.

బస్సులో ఇంజను పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఫ్లాస్కుని కడుపుకి హత్తుకోవడానికి కూడా భయపడి, చెయ్యి చాచి పట్టుకుని దారంతా నిలబడ్డాడు.

ల్యాబు అమ్మాయి సీసా అందుకుని ఉలిక్కిపడింది. "ఇంత చల్లగా ఉందేంటి?"

"మంచులో పెట్టి తెచ్చానమ్మా. ఒక్క క్షణం వేడి తగల్లేదు," అన్నాడు, మెచ్చుకోలు కోసం చూసే పిల్లాడిలా.

అలా చల్లబడితే కణాలు కదలవని ఆ అమ్మాయికి తెలుసు. చెప్పబోయింది. వెనక తొమ్మిదిమంది వరసలో ఉన్నారు. సీసా మీద నంబరు వేసేసి తర్వాతి మనిషిని పిలిచింది.

మధ్యాహ్నం రిపోర్టుతో ఇంటికొచ్చేసరికి బావమరిది కాచుకుని ఉన్నాడు. లాక్కుని చదివాడు. కదిలేవి, సున్నా.

"చల్లబరిచి చల్లబరిచి ఉన్నవి కూడా చంపేశావు కదా బావా!" అన్నాడు వెటకారంగా. ఆ మాట ఎంత నిజమో అతనికీ తెలియదు.

భార్య పొద్దున్నే సంచి సర్ది పెట్టుకుందని బట్టీబావకి అప్పుడు తెలిసింది.

"ఇంకో చలికాలం చూద్దామే," అన్నాడు.

"నాకు ముప్ఫై ఎనిమిది వస్తాయండీ. అన్నం మూతపెట్టాను, తినండి," అంది. చెప్పులు వేసుకుని అన్న వెనకే వెళ్ళిపోయింది.

అన్నం తినలేదు. కాసేపు గోడకి ఆనుకుని కూర్చుని లేచాడు. ఇంక వేడికి భయమెందుకని బట్టీ పనికే బయల్దేరాడు.

బల్ల మీద ఫ్లాస్కు ఉండిపోయింది. మంచిరకం ఫ్లాస్కు, లోపల మంచు ఇంకా సగం కూడా కరగలేదు.