బుధవారం పొడులు

బుధవారం నాలుగింటికి మైథిలి మిక్సీ జార్లో వేయించిన కందిపప్పు పోసి, మూత బిగించి, స్విచ్ మీద వేలుంచి, పైకప్పు వంక చూస్తూ నిలబడింది. పైన తమ బెడ్రూంలో కూతురు అక్షర లాప్‌టాప్ ముందు కూర్చునుంది. ఏడుపు వినపడగానే నొక్కాలి. ఈ ఇళ్లు బయటికి ఇటుక, లోపలంతా చెక్క. పైన తుమ్మితే కిందినుంచి చిరంజీవ అనొచ్చు.

ఈ పరాయి దేశంలో, లూకన్ అనే ఊళ్లో వాళ్లది మూడు పడకగదుల ఇల్లు. అందులో చిన్నది, ఇక్కడివాళ్లు బాక్స్ రూమ్ అనేది, లాక్‌డౌన్ మొదలైన రోజే చక్రధర్ ఆఫీసయిపోయింది. "నాకు కాల్స్ ఎక్కువ మైథిలీ, నువ్వెక్కడైనా అడ్జస్ట్ అవుతావుగా" అన్నాడు. అయింది మహాతల్లి. కిచెన్ టేబుల్ మీద, కుక్కరుకీ కొత్తిమీర కట్టకీ మధ్య ఆమె ఆఫీసు. కొన్నాళ్లుందామని వచ్చి, విమానాలు ఆగిపోయి చిక్కుబడిపోయిన అత్తగారు శ్యామలాదేవికి అక్షర గదిలోనే ఇంకో మంచం వేశారు. అలా ఎవరి చోట్లు వాళ్లకి కుదిరాయి.

పద్నాలుగేళ్ల అక్షర ఆ చలికాలంలో మాట మానేసింది. మొదట ఆన్‌లైన్ క్లాసుల్లో కెమెరా ఆపింది, తర్వాత అన్నం తగ్గించింది, పగలంతా దుప్పటి కిందే. ఏమైందే అంటే "ఐయామ్ గ్రాండ్" అనేది, ఇక్కడి భాషలో బానే ఉన్నానని. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఫోన్లోనే అంతా విని ఓర్లా అనే థెరపిస్టు దగ్గరికి పంపాడు. దగ్గరికంటే దగ్గరికేం కాదు, స్క్రీన్ మీదికి. పెద్దవాళ్లు ఇంట్లో ఉండాలి, గదిలో ఉండకూడదు, పిల్ల ఒప్పుకోకుండా పిల్ల మాట బయటికి రాదు అని ఓర్లా ముందే చెప్పింది.

దానికి చక్రధర్ ఇంకోటి కలిపాడు. "అమ్మకి మాత్రం చెప్పకు. పిచ్చి డాక్టరంటుంది. తెల్లారేసరికి బందరంతా తెలుస్తుంది. లెక్కల ట్యూషనని చెప్పు." సరేనంది. తన ఆఫీసులోనేమో పళ్ల డాక్టరని చెప్పింది. వారంవారం అదే గంటకి పళ్ల డాక్టరేమిటని మేనేజరు అందరి ముందూ "అసలు నీకెన్ని పళ్లున్నాయి మైథిలీ?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఏం చేస్తుంది, జీతంలో అదీ భాగమే.

మొదటి బుధవారమే కొంప మునగబోయింది. హాల్లో సీరియల్ చూస్తున్న అత్తగారు తలెత్తి, "అమ్మాయ్, పిల్ల ఏడుస్తున్నట్టుందే! లెక్కలకి ఏడుపేంటే?" అంది. మైథిలి వంటింట్లో అటూ ఇటూ చూసింది. ఎదురుగా ఎండుమిరపకాయలు కనిపించాయి. మిక్సీ వేసేసింది.

ఆ తర్వాత ప్రతి బుధవారమూ ఏదో ఒక పొడి. కరివేపాకు, నువ్వులు, అవిసెగింజలు కూడా. కిచెన్ ప్రెస్‌లో, అదే వంటింటి అరల్లో, సీసాలు పట్టక బట్టల అల్మరాలోకి ఎక్కాయి. "మా కోడలు ఈమధ్య దార్లో పడిందే" అని అత్తగారు ఫోన్లో చెల్లెలు గిరిజాకుమారికి చెప్పుకుంది. చక్రధర్ ఇడ్లీల్లోకి రెండు రకాలు వేసుకుని, "లాక్‌డౌనూ ఒకందుకు మంచిదే" అన్నాడు. ఒకసారైతే ఇంట్లో పప్పులన్నీ అయిపోయి మైథిలి ఉత్త జార్ తిప్పింది.

ఈ బుధవారం కందిపొడి మెత్తగా అయ్యాక మెట్ల పైనుంచి అక్షర పిలిచింది. "అమ్మా, ఓర్లా వాంట్స్ యూ."

మైథిలి మెట్లెక్కింది. చేతులు జీన్సుకి తుడుచుకుంటూ వెళ్లి మంచం అంచున కూర్చుంది. అక్షర తనే ఒక సంగతి చెబుతానంది అని స్క్రీన్‌లోంచి ఓర్లా మెల్లగా అంది. అక్షర అమ్మ వైపు చూడలేదు.

"ఐ స్టార్ట్ క్రయింగ్, అండ్ షీ టర్న్స్ దట్ థింగ్ ఆన్. ఎవ్రీ సింగిల్ టైమ్. షీ డజంట్ వాంట్ టు హియర్ మీ."

"అయ్యో, కాదే తల్లీ! నాన్నమ్మకి వినపడకూడదనే!"

అప్పుడు చూసింది అక్షర. "నాన్నమ్మకి తెలుసు. వీ షేర్ ఎ రూమ్, అమ్మా. నైట్ నేను ఏడుస్తే నాన్నమ్మ నా కాళ్లు రాస్తుంది. ఏమీ అడగదు."

మీకు ఏడుపొస్తే ఈ ఇంట్లో ఎక్కడికెళ్తారు అని ఓర్లా మైథిలిని అడిగింది. జవాబు మైథిలికి తెలుసు. పెళ్లయిన కొత్తల్లో అమ్మ నేర్పిన విద్యే. "ఏడుపొస్తే బాత్రూంలో కుళాయి తిప్పుకోవే. మొగుడి చెవినపడితే అలుసు, అత్త చెవినపడితే అల్లరి." ఇన్నేళ్లూ తిప్పుకుంటూనే ఉంది.

ఆ వారమంతా ఆమె బుర్ర గిన్నెలో గరిటెలా తిరుగుతూనే ఉంది. అత్తగారికి తెలిస్తే మరి ఆ రోజు లెక్కలకి ఏడుపేంటే అని ఎందుకడిగింది? అప్పటికింకా తెలియదా, నిజం చెబుతానేమోనని చూసిందా? పొడులు బాగున్నాయని మెచ్చుకున్నది నాలుక మీద రుచికా, కోడలి గుట్టు కాపాడ్డానికా? కొడుకేమో తల్లికి తెలియకూడదంటాడు, తల్లేమో తెలిసినట్టు కనపడదు, మధ్యలో తను మిక్సీ వేస్తుంది, పైన పిల్లేమో తన ఏడుపు ఎవరికీ అక్కర్లేదనుకుంటుంది. ఎవరు ఎవరి దగ్గర దాచినట్టు? పోనీ అత్తగారి కోసమే అనుకుందాం. ఆ ఉత్త జార్ తిప్పిన రోజు ఆవిడ పెరట్లో బట్టలారేస్తోంది కదా! మరి ఎవరి చెవుల కోసం తిప్పింది? అక్కడికొచ్చేసరికి మైథిలికి భయం వేసేది. లేచి అంట్లు తోమేది. పిల్లకి అసలేమైందో ఇప్పటికీ తెలియదు. అడగాలో, ఊరుకోవాలో, ఊరుకుంటే తప్పో, ఒక్కటీ తేలలేదు.

తేలింది ఒక్కటే. మళ్లీ బుధవారం వచ్చేసరికి ఆఫీసు క్యాలెండర్లో పళ్ల డాక్టరు తీసేసి, నా కూతురితో ఉంటాను అని పెట్టింది. అక్షర తమ బెడ్రూంలోకి వెళ్లబోతుంటే ఆపి, "ఇవాళ మిక్సీ వెయ్యను. నాన్నమ్మ వింటుంది, నాన్నా వింటాడు. పరవాలేదా?" అంది.

అక్షర భుజాలెగరేసింది. "వాళ్లు కాదు. నువ్వు వింటావా?"

"ఇక్కడే ఉంటా" అని మైథిలి మెట్ల మీద కూర్చుంది.

కాసేపటికి మూసిన తలుపు వెనక ఏడుపు మొదలైంది. వెంటనే ఆగింది. అలవాటు కొద్దీ ఆ చప్పుడు కోసం చూస్తోంది పిల్ల. చప్పుడు రాలేదు. ఇంకాసేపు చూసి, ఈసారి గొంతు విడిచి ఏడ్చింది.

బాక్స్ రూమ్ తలుపు తెరుచుకుంది. మెడలో హెడ్‌సెట్టుతో చక్రధర్ వచ్చి, "మిక్సీ వెయ్యవేంటి? కింద అమ్మకి వినపడుతోంది!" అన్నాడు గొంతు తగ్గించి.

"అత్తయ్యకి తెలుసండీ. ఇన్నాళ్లూ వినంది మనమిద్దరమే."

కింద సీరియల్ గొంతు ఆగిపోయింది. చక్రధర్ అటోసారి చూశాడు, ఇటోసారి చూశాడు. మైథిలి చెంపల మీద నీళ్లు అప్పుడు కనిపించాయతనికి. ఆమె తుడుచుకోలేదు. పెళ్లయ్యాక ఆమె ఏడవడం అతను చూడ్డం అదే మొదటిసారి.

"ఇప్పుడు నువ్వెందుకు మొదలెట్టావ్? కాస్త గదిలోకెళ్లి ఏడవొచ్చుగా."

మైథిలి తలెత్తింది. తమ బెడ్రూం తలుపు వెనక పిల్ల ఉంది. ఇంకో తలుపుకి అతను అడ్డంగా నిలబడ్డాడు. మూడోది నాన్నమ్మా మనవరాళ్లది.

"ఏ గదిలోకండీ?" అంది.